ఆ మాత్రలో ఏది ఎంత అని అడగొద్దు

జపాన్ వాళ్ల క్రమశిక్షణ మీద ఫార్వర్డ్ వచ్చిన ప్రతిసారీ కింద ఒకరు "అంతా జెన్ బౌద్ధం మహిమ" అంటారు, ఇంకొకరు "కాదు, చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్" అంటారు. అది చదివినప్పుడల్లా నాకు నినోమియా సొంతోకు గుర్తొస్తాడు.

1787లో జపాన్‌లోని ఒదవారా దగ్గర కయామా పల్లెలో పుట్టిన రైతుబిడ్డ. సకావా నది వరదకి పొలం పోయింది, చిన్నతనంలోనే అమ్మానాన్నా పోయారు. చేరదీసిన బంధువుల ఇంట్లో రాత్రి దీపం పెట్టుకుని చదివితే నూనె దండగని తిట్లు. నది పక్క బీడులో ఆవజాతి విత్తనాలు చల్లి, పండిన గింజలిచ్చి తన నూనె తానే తెచ్చుకున్నాడట. పెద్దయ్యాక పాడుబడ్డ ఊళ్లను నిలబెట్టడమే ఆయన పని.

నీ బోధ ఏమిటని అడిగితే, ఒక మందు మాత్ర అన్నాడు. జపాన్ సొంత దేవతల మతం షింతో ఒక చెంచా, కన్ఫ్యూషియస్ అరచెంచా, బౌద్ధం అరచెంచా. పక్కనున్న ఒకతను వెంటనే బొమ్మ గీసి, సగం ఇది, పావు అది, ఇంతేనా అని చూపించాడు. సొంతోకు నవ్వాడు. అలా ముక్కలు ముక్కలుగా అతికించిన మాత్ర ఎక్కడుంటుంది? ఏది ఏదో తెలియకుండా నూరాలి, లేకపోతే నాలుకకి గుచ్చుకుంటుంది, కడుపులో పడదు అన్నాడు.

నాకు ఇంతకన్నా మంచి వివరణ దొరకలేదు. షింతో బీడు తెరిచే దారి, కన్ఫ్యూషియస్‌ది దేశం నడిపే దారి, బౌద్ధం మనసుని ఏలే దారి అని ఆయన లెక్క. ఊరు బాగుపడాలంటే మూడూ కావాలి. అంతకుముందే, 1729లో, క్యోటోలో ఇషిదా బైగన్ అనే మాజీ దుకాణం గుమాస్తా తన ఇంట్లోనే, పైసా తీసుకోకుండా, ఎవరొచ్చినా ఇలాంటి కలగలుపు బోధే చెప్పాడు. వీళ్లిద్దరూ తెలియక కలిపేసినవాళ్లు కారు, అవసరం తెలిసి నూరినవాళ్లు.

1868లో జపాన్‌లో కొత్తగా వచ్చిన మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం షింతోనీ బౌద్ధాన్నీ విడదీయమని ఆజ్ఞలిచ్చింది. ఎన్నోచోట్ల బుద్ధ విగ్రహాలు పగిలాయి, కాలిపోయాయి. తర్వాత అదే రాజ్యం సొంతోకుని పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించింది. వీపున కట్టెలమోపు, చేతిలో పుస్తకం ఉన్న పిల్లాడి విగ్రహాలు బడుల ముందు వెలిశాయి. నా బాధంతా ఇక్కడే. సకురామాచి అనే చోట పాడుబడ్డ ఊళ్లను బాగుచేయమని ఆయన్ని పిలిచినప్పుడు ముందు పాత శిస్తు లెక్కలు తీయించాడు. ఆ ఊళ్లనేలే ప్రభువు ఇంటికి ఏటా ఇంతకు మించి పోకూడదని హద్దు కట్టించాడు. మిగిలింది మళ్లీ పొలాలకే. కట్టెలు మోసే పిల్లాడిని ఎన్నో బడులకి చేర్చారు కానీ, ప్రభువు ఖర్చుకి హద్దు గీసిన మనిషిని మాత్రం పిల్లలకి చూపించలేదు.