కణజాలం పేరిట కాసుల వేట

కణాలను పెంచి దెబ్బతిన్న శరీర భాగాలను బాగుచేసే కణజాల ఇంజినీరింగ్ మార్కెట్ పెరుగుతోందంటే హైదరాబాద్‌ సంతోషించాల్సిందే. అయితే ప్రయోగశాలలతో పాటు మోకాళ్లకు 'స్టెమ్‌సెల్' (మూలకణ) సూదులిచ్చే దుకాణాలూ ఆ పేరు వాడుకుంటున్నాయి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టలేం.

కంట్లో సున్నమో యాసిడో పడితే నల్లగుడ్డు అంచున లింబస్‌లోని మూలకణాలు, అంటే కొత్త కణాలను పుట్టించే కణాలు, మాడిపోతాయి. నల్లగుడ్డుపై ఉండే పారదర్శక పొర కార్నియా మీదికి రక్తనాళాలు పాకి చూపు పోతుంది. బాగున్న రెండో కంటి నుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, ప్రసవంలో వచ్చే మాయ (ప్లాసెంటా) నుంచి తీసిన పొరపై ప్రయోగశాలలో సుమారు రెండు వారాలు పెంచి అతికించడం పాత పద్ధతి. మన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు 2012లో ప్రచురించిన పద్ధతిలో ప్రయోగశాలే అక్కర్లేదు. ఆ ముక్కనే ఎనిమిది, పది తునకలు చేసి, కంటి మీద పరిచిన మాయ పొరపై ఫైబ్రిన్ అనే ప్రొటీన్ జిగురుతో అంటించి, కాంటాక్ట్ లెన్స్ కప్పుతారు. కణాలు అక్కడే పెరుగుతాయి. ఖర్చూ ఆ మేరకు తగ్గింది.

కన్ను, చర్మం, మృదులాస్థిలోనే ముందు ఫలితం రావడానికి కారణముంది. రక్తనాళాల నుంచి ప్రాణవాయువు 0.2 మిల్లీమీటర్లు మించి చొరబడలేదు. మందపాటి కణజాలమైతే నడిమి కణాలు చస్తాయి. ప్రయోగశాలలో కాలేయం సిద్ధమైపోతోందన్న మాటలు నమ్మే ముందు ఈ లెక్క చూడాలి.

కణాలను 37 డిగ్రీల వద్ద పెంచడం కంటే వాటి శుద్ధిని నిరూపించడమే కష్టం. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా సోకినా కణాలు పెరిగే ద్రావణం మసకబారదు. కణకవచం లేదు కాబట్టి దానిపై పెన్సిలిన్ పనిచేయదు. సంప్రదాయ పరీక్షకు 28 రోజులు పడుతుంది. రెండు వారాలకు సిద్ధమయ్యే కణజాలం అన్నాళ్లు ఆగదు. అందుకే క్రిమి జన్యుపదార్థాన్ని గంటల్లో పట్టి తేల్చే పీసీఆర్ పరీక్ష తప్పనిసరి.

మరి సూది దుకాణాల్లో? రోగి ఎముక మజ్జ తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఎక్కించేస్తారు. ఎన్ని మూలకణాలు వెళ్లాయో లెక్కించిన దాఖలా ఉండదు. రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి, అనుమతి పొందిన కొద్ది ఉత్పత్తులు మినహా మిగతావన్నీ క్లినికల్ ట్రయల్స్‌గానే (రోగులపై ప్రయోగ పరీక్షలుగానే) జరగాలని, రోగి నుంచి రుసుము తీసుకోరాదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు సంఖ్య చెప్పలేక లక్షల బిల్లు చేతిలో పెడితే అది చికిత్స కాదు, ట్రయల్ అంతకన్నా కాదు. రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారులు ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా ప్రకటనలు పట్టుకుని తనిఖీలకు వెళ్లాలి. హైదరాబాద్ శివార్లలోని బయోటెక్ కేంద్రం జినోమ్ వ్యాలీలో స్థలాలిచ్చి సరిపెట్టకుండా, చిన్న సంస్థలు రుసుము కట్టి వాడుకునే శుద్ధి పరీక్షల ల్యాబ్‌ను ప్రభుత్వం అందుబాటులో ఉంచాలి.