ఆపద దాటాక కూడా సడలని పట్టు

న్యూయార్క్ సబ్‌వే (భూగర్భ రైలు)లో జోర్డాన్ నీలీ అనే నిరాశ్రయుడి మెడను చేతితో బిగించి పట్టుకుని అతని మరణానికి కారకుడయ్యాడన్న కేసులో, డేనియల్ పెన్నీ అనే తోటి ప్రయాణికుణ్ణి 2024 డిసెంబరులో జ్యూరీ నిర్దోషిగా తేల్చింది. దీంతో ఆత్మరక్షణ హక్కు గెలిచిందని, ప్లాట్‌ఫారాలపై పోలీసులను పెంచాలని నేను చదివిన ఒక వ్యాసం అంటోంది. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. 2023 మే 1న న్యూయార్క్ ఎఫ్ రైలులో జోర్డాన్ నీలీ కోటు నేలకేసి కొట్టి, ఆకలిగా ఉందని, జైలుకైనా చావుకైనా సిద్ధమేనని అరిచినప్పుడు ఆ పెట్టెలోని ప్రయాణికులకు కలిగిన భయం నిజమైనదే, దాన్ని ఎవరూ చులకన చేయకూడదు. కానీ రైలు బ్రాడ్‌వే-లఫయెట్ స్టేషన్‌లో ఆగి, తలుపులు తెరుచుకుని, చాలామంది దిగిపోయిన తర్వాత కూడా నీలీ మెడ చుట్టూ పెన్నీ బిగించిన చేయి సడలలేదు. దాదాపు ఆరు నిమిషాలు ఆ పట్టు అలాగే ఉంది. మొదట పట్టుకోవడానికి భయం కారణమైతే కావచ్చు, ఆపద తొలగిపోయాక కూడా వదలకపోవడానికి మాత్రం అది కారణం కాజాలదని నా అభిప్రాయం.

ఇంతకన్నా నన్ను కలచివేసేది మరొకటి ఉంది. తల్లి 2007లో హత్యకు గురైన నాటికి నీలీ ఇంకా బడి పిల్లవాడు. నగర యంత్రాంగం ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉండవలసిన నిరాశ్రయుల జాబితాలో అతని పేరు ఉండేది. ఒక వృద్ధురాలిని కొట్టిన కేసులో జైలుకు బదులు మానసిక చికిత్సా కేంద్రానికి పంపితే, రెండు వారాలైనా గడవకముందే అక్కడి నుంచి వెళ్ళిపోయాడు. వారెంటు జారీ అయింది, 2023 ఏప్రిల్‌లో సబ్‌వేలోనే సహాయ కార్యకర్తల కంటపడ్డాడు, అయినా మళ్ళీ చికిత్సకు చేరలేదు. ప్లాట్‌ఫారాలపై పోలీసులను పెంచాలని ఇంత వివరంగా రాసినవారు, ఆసుపత్రి గడప దాటిన రోగిని మరుసటి వారం ఎవరు వెళ్ళి చూస్తున్నారో కూడా ఆరా తీసి రాయవలసింది.