తూలినప్పుడే చూడాలి

రాత్రి రెండు గంటలకు బాత్రూముకు లేచిన పెద్దావిడ లైటు వెయ్యదు. అదే గదిలో మనవరాలు పడుకుని ఉంది, పొద్దున్నే స్కూలుంది. గోడ పట్టుకుని నడుస్తుంది, తలుపు దగ్గర చెయ్యి బీరువా మీదికి మారుతుంది. బాత్రూము గడప దాటాక తడి టైల్స్ మీద పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో వచ్చి చెన్నైలో పిల్లల దగ్గర ఉంటున్న మన పెద్దలు చాలామందికి రాత్రిళ్లు ఇలాగే గడుస్తాయి. పడి తుంటి ఎముక విరిగితే చుట్టాలందరికీ తెలుస్తుంది. అంతకు ఆర్నెల్ల ముందు నుంచే ఆవిడ గోడ వదలడం లేదన్న సంగతి ఇంట్లో వాళ్ల కంట కూడా పడదు.

ప్రపంచంలో ఏటా 6.84 లక్షల మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో ఎక్కువమంది 60 దాటినవారే. అయినా మన ఇళ్లలో వినపడే మాట ఒక్కటే: "వయసు కదా."

వయసు మీదకు నెట్టేస్తే ఎలా? మనిషి తూలకుండా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, అరికాళ్ల స్పర్శ మూడూ మెదడుకు కబురందించాలి. కాళ్లలో సత్తువ ఉండాలి. శుక్లాలతో చూపు మసకబారుతుంది, ఏళ్ల తరబడి షుగరుతో అరికాళ్లు మొద్దుబారతాయి. బీపీ మాత్రలు వేసుకునేవారికి మంచం మీంచి లేవగానే కళ్లు తిరగొచ్చు. నిద్రమాత్ర మత్తు సరేసరి. ఒక్కసారి తూలారంటే భయం పట్టుకుంటుంది. గుడికి వెళ్లడం మానేస్తారు, మెట్లు దిగడం మానేస్తారు. "నువ్వు కూర్చో అమ్మా, నేను తెస్తాను" అని మనమూ ప్రేమతోనే అంటాం. అలా కూర్చుని కూర్చునే తొడల్లో కండ కరుగుతుంది, పడే ముప్పు ఇంకా పెరుగుతుంది.

దీన్ని కనిపెట్టడానికి ఒక కుర్చీ, ఒక గడియారం చాలు. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు గానీ అంతకుమించి గానీ పడితే డాక్టరుకు చూపించాల్సిందే. నిలకడకూ కాళ్ల బలానికీ చేసే వ్యాయామాలతో పడిపోవడం దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

తమిళనాడులో 2021లో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద ఆరోగ్య కార్యకర్తలు ఇంటికే వచ్చి బీపీ, షుగరు చూస్తున్నారు. మంచాన పడ్డవారికి ఫిజియోథెరపీ కూడా అందుతోంది. అదే రాకలో ఈ 12 సెకన్ల పరీక్షనూ చేర్చాలని మేము ప్రభుత్వాన్ని కోరుతున్నాం. తూలుతున్నట్టు తేలినవారిని, 2024లో చెన్నై గిండీలో ప్రారంభమైన జాతీయ వృద్ధుల వైద్య కేంద్రానికి పంపాలి. తమిళం రాని పెద్దలకు వ్యాయామాల కాగితం తెలుగులో ఇవ్వాలి. ఈ నగరంలో అది పెద్ద కోరికేమీ కాదు.

ప్రభుత్వం కదిలేలోగా ఇంట్లో చెయ్యగలిగింది ఉంది. కమోడ్ పక్కన గోడకు గట్టి స్టీలు రాడ్డు బిగించండి. దారిలో బెడ్‌లైటు వెలుగుతూ ఉండనివ్వండి. మనవరాలికి మెలకువ వచ్చినా ఫరవాలేదని అమ్మకు ఈ రాత్రే చెప్పండి.