మొనగాడు గారికి బహిరంగ లేఖ

మొనగాడు గారూ,

నమస్కారమండి. మీరంటే రైఫిల్‌లో వాడే మొన తేలిన బుల్లెట్టే కదండీ, ఒంటి మీద రాగి కోటు, నెత్తిన ఎర్ర ప్లాస్టిక్ మొన, వెనక సన్నబడ్డ బోట్ టెయిల్, రీలోడింగ్ (తూటాలు సొంతంగా నింపుకునే) సామాన్ల షాపులో మీ సోకు చూసి ఆగని మనిషిని నేనైతే చూళ్ళేదు. మేముండేది పెన్సిల్వేనియాలో, ఇక్కడ థాంక్స్‌గివింగ్ అయిన శనివారం నుంచి జింకల రైఫిల్ సీజన్, మా చేతిలో ఉన్నదేమో పాత సావేజ్ 99 రైఫిల్, అందులోకి వెళ్ళేది .300 సావేజ్ అనే 1920 నాటి కార్ట్రిడ్జ్, అంటే కేసు, పౌడర్, బుల్లెట్ కలిసిన మొత్తం తూటా. దానికి సంబంధం చూద్దామని బయల్దేరితే అరలన్నీ మీ వాళ్ళే, గుండ్రటి ముక్కు పెద్దమనుషులు కింద మూలన దుమ్ము కొట్టుకుని ఉన్నారు.

మీ డబ్బా మీద బాలిస్టిక్ కోఎఫిషియెంట్ అని, గాలి అడ్డుని ఎంత బాగా తట్టుకుంటారో చెప్పే ఒక అంకె వేస్తారు చూడండి, పెళ్ళికొడుకు బయోడేటాలో ప్యాకేజీ లాగా, అది చూశాక ఇంకేమీ అడగబుద్ధి కాదు. 150 గ్రెయిన్ల (బుల్లెట్, పౌడర్ తూచే చిన్న తూకం లెండి) గుండ్రటి ముక్కుకి 0.19 చుట్టుపక్కల ఉంటే మీకు 0.43. బాగుందండి, గాలిని చీల్చుకుంటూ పోతారు, వేగం నిలుపుకుంటారు, 400 గజాల అవతల మీకు పోటీ లేదు, ఒప్పుకున్నాం. మా అడవిలో ఆ 400 గజాలు ఎక్కడున్నాయో కూడా మీరే చూపిస్తే బాగుండేది. అన్నీ ఓక్ చెట్లు, ముళ్ళ పొదలు, 80 గజాల్లో జింక పక్కటెముకలు తేటగా కనపడితే అదే మహాభాగ్యం, ఆ దూరంలో మీకూ ఆ మూలన కూర్చున్న పెద్దాయనకీ దారిలో కిందికి జారే దిగుడులో తేడా అంగుళం కూడా రాదు కదా.

సరే అదేమీ పెద్ద నేరం కాదు, వాడని ప్యాకేజీ ఉంటే నష్టమేంటి అంటారు. నష్టం మీ పొడుగుతో వచ్చింది సార్. మా .300 సావేజ్ మొత్తం పొడవు 2.600 అంగుళాలు, అంతకి మించి పెడితే మ్యాగజైన్ తీసుకోదు. కేసు మెడ, అంటే బుల్లెట్‌ని పట్టుకునే సన్నటి భాగం, పొడవు 0.221 అంగుళాలు, అంటే బుల్లెట్ లావు 0.308 కంటే కూడా పొట్టి. ఆ రోజుల్లో సావేజ్ వాళ్ళకి కావల్సింది ఒకటే, 150 గ్రెయిన్ల బుల్లెట్‌ని సెకనుకి 2700 అడుగుల వేగంతో తోలడం, ఎందుకంటే 1906 నాటి సైన్యం .30-06 తోలింది అంతే, ఆ పని చిన్న కేసులో చెయ్యాలి కాబట్టి కేసు భుజం (మెడ దగ్గర సన్నబడే చోటు) ముందుకి జరిపి మెడ కోసేశారు. ఇప్పుడు మీరొచ్చి, పొడుగు ముక్కేసుకుని, ఆ పొట్టి మెడలో కూర్చుంటామంటారు. మొన బయట 2.600 దాటకూడదు, కాబట్టి మిమ్మల్ని లోపలికి నొక్కాలి, నొక్కితే మీ తోక పోయి పౌడర్ ఉండాల్సిన చోట కాళ్ళు చాపుకుంటుంది. మీలో మరీ పొడుగు ముక్కున్నవాళ్ళయితే ముక్కు వంపు కూడా కేసు మూతిలోకి దిగిపోతుంది, ఇక ఆ మెడ దేన్ని పట్టుకోవాలండీ? బోట్ టెయిల్ వల్ల పట్టు ఇంకా తగ్గుతుంది, అదేమో 300 గజాల తర్వాత గానీ అక్కరకి రాదు.

కాలిఫోర్నియాలో వేటాడే మనోళ్ళ పాట్లు ఇంకా ఎక్కువ. అక్కడ సీసం తిని చచ్చిపోతున్న కాండర్ రాబందుల కోసం 2019 జూలై 1 నుంచి వేటలో సీసం మొత్తం నిషేధం, తప్పులేదు, రాబందులు బతకాలి. కానీ దాని బదులు వాడే రాగి సీసం కంటే తేలిక, అదే బరువుకి ఇంకా పొడుగవ్వాలి. అందుకే రాగి అయితే బరువు తగ్గించి 130 గ్రెయిన్లకి దిగడమే మేలు, 165 కావాలని పట్టుబడితే పౌడర్‌కి చోటుండదు.

అయినా మీకు పాత రైఫిళ్ళతో ఈ గొడవ కొత్తేమీ కాదు. 1898లో ఫ్రెంచి వాళ్ళు లెబెల్ రైఫిల్‌కి మొన బుల్లెట్ పెట్టారు, దానిదేమో గొట్టం మ్యాగజైన్, ఒకదాని మొన ముందుదాని ప్రైమర్ (దెబ్బ తగిలితే తూటాని పేల్చే అడుగు బిళ్ళ) వైపు చూస్తూ వరసగా పడుకుంటాయి, అందుకని కేసు అడుగున ప్రైమర్ చుట్టూ గాడి కోసి మొన అందులో ఆగేలా చేశారు. గొట్టం మ్యాగజైన్ రైఫిళ్ళలో వాడే మామూలు .30-30 తూటా కేసుకి ఆ గాడి లేదు, అందుకే ఆ గొట్టాల్లో వందేళ్ళకి పైగా మొద్దు ముక్కులదే రాజ్యం. చాలా ఏళ్ళకి బుల్లెట్లు చేసే హార్నడీ కంపెనీ వాళ్ళు మెత్తగా ఒంగే మొన తెచ్చాక గానీ మీ వాళ్ళకి అక్కడ ప్రవేశం దొరకలేదు, అది కూడా ఆ మెత్తటి మొన వాళ్ళకే, మీ గట్టి ప్లాస్టిక్ టోపీలకి ఇప్పటికీ నో ఎంట్రీ. మా 99లో ఆ భయం లేదు, గుండ్రంగా తిరిగే మ్యాగజైన్, ఒక్కో కార్ట్రిడ్జ్‌కి ఒక్కో గది. జమైకాలో పుట్టిన ఆర్థర్ సావేజ్ చేసిన మంచి పని అది.

ఇక మీలో బాండెడ్ (రాగి తొడుగుని సీసానికి అతికించేసిన) వర్గం ఒకటుంది, ఎల్క్ అనే పెద్ద జింక భుజం విరగ్గొడతాం అని డబ్బా మీద ఫొటో వేసుకునేవాళ్ళు. మాగ్నమ్ అనే ఎక్కువ పౌడర్ తూటాల వేగానికి గట్టిపరిచిన ఒళ్ళు మీది, మా ముసలి కార్ట్రిడ్జ్ వేగంలో, అదీ కాస్త దూరం పోయాక, సరిగ్గా విచ్చుకోకుండా సన్న కన్నం పెట్టి అవతలికి వెళ్ళిపోతే బాధ జింకది, వెతుకులాట మాది. మామూలు సీసం మొన, పలచటి రాగి తొడుగు, ఫ్లాట్ బేస్ (సన్నబడని చదును అడుగు) ఉన్న 150 గ్రెయిన్ల మీ పేద చుట్టం ఉన్నాడే, పొట్టిగా ఉంటాడు, మెడలో ఒద్దికగా కూర్చుంటాడు, ఈ వేగానికి చక్కగా విచ్చుకుంటాడు, ధర కూడా తక్కువ. మొన కాస్త నలుగుతుంది, నలిగితే 80 గజాల్లో ఏమవుతుందట?

ఊళ్ళో మా బాబాయికి ఫోన్లో ఇదంతా చెప్తే, 1972 వన్యప్రాణి చట్టంతో మనకి వేటే లేదు కదరా, నీకు ఈ ముక్కుల గోలేంటి అన్నాడు. ఆయనకి తెలీదు, ఇక్కడ జింక దొరకడం కంటే బుల్లెట్ కుదరడమే కష్టమని.

కాబట్టి రెండు విన్నపాలు. ఆ డబ్బా మీద కోఎఫిషియెంట్ పక్కనే మీ పొడవు ఎంతో అంగుళాల్లో రాయించండి, ఎంత తక్కువ వేగం దాకా విచ్చుకుంటారో అది కూడా. అప్పటిదాకా మేం మీ చుట్టాన్నే కొంటాం, లోడ్, అంటే పౌడర్ కొలత, మాత్రం రీలోడింగ్ మాన్యువల్‌లో ఉన్నదే, మిమ్మల్ని చూసి ఒక్క గ్రెయిన్ పౌడర్ కూడా పెంచం.

ఇట్లు,
2.600 అంగుళాలు దాటలేని పాత సావేజ్ తరఫున, దాని ఓనరు