బతికిన చేపల లెక్క ఏది?

ఏటా వానాకాలం తర్వాత తెలంగాణ చెరువు గట్ల మీద ఒకటే హడావిడి. లారీ వస్తుంది, కవర్లు దిగుతాయి, ఫొటోలు తీస్తారు, ఇన్ని లక్షల చేప పిల్లలను వదిలామని ప్రకటన వస్తుంది. 2016-17లో మొదలైన ఉచిత చేప పిల్లల పంపిణీ ప్రభుత్వం మారినా కొనసాగుతోంది. 80 కోట్లకు పైగా పిల్లలను వదలాలని లక్ష్యం పెట్టుకున్న సంవత్సరాలున్నాయి. ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కుటుంబాలకు ఇది ఆసరాగా నిలిచిన పథకం. దీన్ని ఎత్తేయాలని మేము అనడం లేదు. ఇంకా గట్టిగా, ఇంకా తెలివిగా నడపాలని అడుగుతున్నాం. వదిలిన పిల్లల సంఖ్య ప్రతి ఊళ్లో ఫ్లెక్సీ మీద కనిపిస్తోంది. వాటిలో ఎన్ని బతికాయి, ఎన్ని కిలోలై వలలో పడ్డాయి అనే లెక్క మాత్రం చెరువు వారీగా జనం ముందుకు రావడం లేదు.

పంపిణీలో రెండు సైజులున్నాయి. ఎండాకాలానికి ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడవునా నీళ్లుండే చెరువులకు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు ఇస్తారు. 35 మిల్లీమీటర్లంటే చిటికెన వేలిలో సగం కన్నా కాస్త ఎక్కువ. చెరువు పూర్తిగా ఎండి మళ్లీ నిండితే అందులో పిల్లలను తినే చేపలు పెద్దగా మిగలవు కాబట్టి చిన్న సైజు సరిపోతుందన్నది దీని వెనక ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ పూడికలు తీశాక, కాలువల నీళ్లు వచ్చాక ఎండడం మానేసిన చెరువులు ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట అడుగున కొర్రమీను ఉంటుంది, వాలుగ ఉంటుంది, గట్టు మీద కొంగలూ నీటికాకులూ కాచుకుని ఉంటాయి. ఆ చెరువును పాత జాబితాలోనే ఉంచి చిన్న పిల్లలను పోస్తే ప్రజల సొమ్ముతో వాలుగలను మేపినట్టే.

ఈ పిల్లల్లో ఎక్కువ భాగం కైకలూరు, కొల్లేరు పరిసరాల నుంచే వస్తుంటాయి. అక్కడి రైతు తన సొంత చెరువులో ఏం వదులుతాడో చూడండి. ఏడాది పాటు ఇరుకు చెరువులో ఒత్తుగా ఉంచి, కావాలనే ఎదగనివ్వకుండా ఆపిన పెద్ద పిల్లను కొంటాడు. అది వంద గ్రాములు దాటి ఉంటుంది. విశాలమైన చెరువులో పడగానే వేగంగా పెరుగుతుంది, చావు తక్కువ. ధర ఎక్కువైనా అదే కావాలంటాడు, ఎందుకంటే నష్టం వస్తే భరించేది తనే. అదే ప్రాంతం నుంచి మన ఊరుమ్మడి చెరువుకు చేరేది చిటికెన వేలంత కూడా లేని పిల్ల. ఊరి చెరువుకూ వంద గ్రాముల పిల్లనే కొనమని మేము అనడం లేదు, ఆ ఖర్చు ఏ బడ్జెట్టూ మోయలేదు. వంద చిన్న పిల్లలిచ్చి పదిని బతికించుకోవడం కన్నా నలభై పెద్ద పిల్లలిచ్చి ఇరవైని బతికించుకోవడం మేలన్న మామూలు లెక్క టెండర్ నిబంధనల్లోకి ఎక్కాలని మాత్రం అడుగుతున్నాం.

లారీ దిగిన తర్వాత జరిగేది కూడా దగ్గరగా చూడాలి. రాత్రంతా ప్రయాణించిన కవర్లో నీళ్లు ఒక వేడి మీద, చెరువు నీళ్లు ఒక వేడి మీద ఉంటాయి. కవరును మూతి విప్పకుండా పదిహేను ఇరవై నిమిషాలు చెరువులో తేలనివ్వాలి. తర్వాత మూతి విప్పి చెరువు నీళ్లను కొంచెం కొంచెంగా లోపలికి రానివ్వాలి. అప్పుడు పిల్లలు వాటంతట అవే ఈదుకుంటూ బయటికి వస్తాయి. ఉదయం చల్లగా ఉండగా ముగించాల్సిన పని ఇది. అతిథి ఆలస్యంగా వచ్చి మిట్టమధ్యాహ్నం పైనుంచి కుమ్మరిస్తే సగం పిల్లలు ఆ షాక్‌కే తేలిపోయినా ఆశ్చర్యం లేదు. లెక్క సంగతి మరొకటి. ఒక కప్పులో ఎన్ని పిల్లలు పట్టాయో లెక్కబెట్టి, మొత్తం కప్పులతో గుణిస్తారు. మొదటి కప్పును ఎవరు లెక్కబెట్టారు, అందులో నీళ్లెన్ని, పిల్లలెన్ని అన్న దాని మీదే లక్షల అంకె ఆధారపడుతుంది. సైజు తక్కువగా ఉందని, సంఖ్య సరిపోలేదని లారీలను వెనక్కి పంపిన మత్స్యకారుల సంఘాలున్నాయి. ఆ సంఘాల పక్షాన నిలబడాల్సిన బాధ్యత అధికారులది.

ఇక టైమింగ్. జులై, ఆగస్టులో వదిలిన పిల్లకు ఏప్రిల్ దాకా ఎదిగే వ్యవధి దొరుకుతుంది. టెండర్లు ఆలస్యమై అక్టోబరు, నవంబరులో వదిలితే వెంటనే చలికాలం వస్తుంది, ఆ చలికి బొచ్చె, రవ్వ ఎదుగుదల మందగిస్తుంది, ఎండలు ముదిరేసరికి చెరువులో నీళ్లు తగ్గిపోతాయి. పావు కిలో, అరకిలో చేపను తెగనమ్ముకోవాల్సి వస్తుంది. అలాగని అన్ని చెరువుల్లో జులైలోనే వదిలేస్తే సరిపోతుందా? సరిపోదు. గొలుసుకట్టు చెరువుల్లో మత్తడి దుంకితే పిల్లలు నీళ్లతో పాటు కింది చెరువుకు, అక్కడి నుంచి వాగుకు పోతాయి. మత్తడికి జాలీ బిగించే వీలున్న చెరువుకు ఒక తేదీ, లేని చెరువుకు మరో తేదీ ఉండాలి. ఆ సంగతి హైదరాబాద్‌లో కూర్చున్న వాళ్లకన్నా ఆ ఊరి సంఘం అధ్యక్షుడికే బాగా తెలుస్తుంది. నిర్ణయం ఆయన దగ్గర మొదలవ్వాలి.

ఈ విషయంలో అమెరికా సరస్సుల అనుభవం ఒకటి మనకు పనికొస్తుంది. స్ట్రైప్డ్ బాస్, వైట్ బాస్ అనే రెండు చేపలను కలిపి 1965లో దక్షిణ కరోలినాలో ఒక సంకర చేపను పుట్టించారు. హైబ్రిడ్ స్ట్రైప్డ్ బాస్ అంటారు, కొన్ని రాష్ట్రాల్లో వైపర్ అని పిలుస్తారు. డ్యాముల వెనక సరస్సుల్లో షాడ్ అనే చిన్న చేప విపరీతంగా పెరిగిపోతుంటే దాన్ని తిని అదుపులో ఉంచడానికి, గాలం వేసేవాళ్లకు గట్టి చేప దొరకడానికి దీన్ని వదులుతున్నారు. ఈ సంకర చేప సరస్సుల్లో సాధారణంగా సంతతిని పెంచుకోలేదు. సరస్సులో ఎన్ని ఉండాలన్నది వదిలేవాళ్ల చేతిలోనే ఉంటుంది. మన చెరువుల్లో బొచ్చె, రవ్వల పరిస్థితీ దాదాపు ఇదే. పారే వరద నీళ్లు లేకుండా అవి గుడ్లు పెట్టవు, కాబట్టి మళ్లీ మళ్లీ వదలాల్సిందే.

తేడా ఎక్కడంటే, అక్కడి రాష్ట్రాల మత్స్య శాఖలు వదిలిన తర్వాత వెనక్కి వచ్చి చూస్తాయి. లెక్క ప్రకారం వలలు వేసి, పడ్డ చేపల పొడవు, బరువు రాసుకుంటారు. తలలోని చిన్న ఎముకపై ఏర్పడే వలయాలను బట్టి వయసు తేలుస్తారు. చేపలు బక్కచిక్కి ఉంటే మేత చాలడం లేదని గ్రహించి వదిలే సంఖ్య తగ్గిస్తారు. ఒక ఏడాది వదిలి, మరుసటి ఏడాది ఆపి, తేడా చూసే పద్ధతి కూడా ఉంది. ఈ పనులకు డబ్బు గాలాలు, రాడ్ల తయారీపై వేసే పన్ను నుంచి వస్తుంది. 1950లో చేసిన చట్టమది. అక్కడ ఇది ఎక్కువగా సరదా వేట. ఇక్కడ ఇది కుటుంబాల కూడు. కూడు విషయంలో మనం ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి కదా!

ఇందుకు పెద్ద ల్యాబులు అక్కర్లేదు. జిల్లాకు కొన్ని చెరువులను ఎంచుకుని, వదిలే పెద్ద సైజు పిల్లల్లో కొన్నింటికి ఒక రెక్క కత్తిరిస్తే చాలు. చేపల పట్టుబడి రోజు ఆ గుర్తున్నవి ఎన్ని పడ్డాయో, ఎంత తూగాయో సంఘం, మత్స్య శాఖ క్షేత్రాధికారి కలిసి రాసుకుంటే బతికిన వాటిపై ఒక అంచనా దొరుకుతుంది. మూడేళ్లు అలా చేస్తే ఏ చెరువుకు ఏ సైజు, ఎన్ని, ఏ నెలలో అన్నది ఊహ మీద కాకుండా ఆధారం మీద నిర్ణయించవచ్చు. వదిలే పిల్లల్లో కలిసి వచ్చే, మనకు అక్కర్లేని తిలాపియా చేప ఎంత ఉందో కూడా అదే రిజిస్టర్లో తేలుతుంది.

1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి బృందం ఇంజెక్షన్‌తో కార్ప్ చేపల (బొచ్చె, రవ్వల జాతి) చేత గుడ్లు పెట్టించడంతో ఈ దేశంలో చేప విత్తనం కొరత తీరే దారి దొరికింది. జులై 10న జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుకునేది అందుకే. పుట్టించడం అప్పుడే నేర్చుకున్నాం. మిగిలింది బతికించడం. చిన్న పిల్లలను తెచ్చి ఊరి చెరువులోనే ఒక మూల వల కట్టి, తవుడు, గానుగ చెక్క మేతగా పెట్టి పెంచి, అరచేతి వెడల్పు అయ్యాక లోపలికి వదిలే పద్ధతి ఖర్చు తక్కువది. దీనికి వల, మేత, కాపలా కూలి ఇస్తే సంఘాలు చేసుకోగలవు. చేప పిల్లలకు బదులు డబ్బు ఇవ్వండి, మేమే చూసి కొనుక్కుంటామని కొన్ని సంఘాలు అడుగుతున్నాయి. లెక్కలు సరిగ్గా రాసే సంఘాలకు ఆ అవకాశం ఇవ్వాలన్నది మా అభిప్రాయం. సభ్యుల మధ్య తగాదాలున్న చోట, దళారుల చేతుల్లో చిక్కుకున్న చోట తొందరపడకూడదు.

జలాశయాల సంగతి వేరు. లోయర్ మానేరు, శ్రీరాంసాగర్, నాగార్జునసాగర్ లాంటి చోట్ల వరద ఎదురెక్కే తల్లి చేపలను కాపాడితే కొంత విత్తనం నీళ్లలోనే పుట్టే అవకాశం ఉంది. వానాకాలంలో వేట ఆపడం, చిన్న కన్ను వలలను నిజంగా అడ్డుకోవడం, వేట ఆగిన రోజులకు కుటుంబాలకు భృతి ఇవ్వడం అక్కడ లక్షల పిల్లలను పోయడంతో సమానమైన పనులు. చెరువుల్లోనైతే నీటిపారుదల శాఖతో ఒక మాట కుదరాలి. పంటకే మొదటి హక్కు, ఎవరూ కాదనరు. కానీ తూము తెరిచి అడుగంటేదాకా వదిలేస్తే ఏడాది కష్టం ఒక్క వారంలో బురద పాలవుతుంది. చేప పట్టుకునేదాకా ఎంత లోతు నీళ్లు ఉంచాలో చెరువు వారీగా రాసిపెట్టుకుంటే రైతుకూ మత్స్యకారుడికీ గొడవ ఉండదు.

వచ్చే సీజన్ టెండర్ పిలిచే ముందే మత్స్య శాఖ మూడు వివరాలు ప్రతి చెరువుకూ ప్రకటించాలి: గత ఏడాది వదిలిన సైజు, వదిలిన తేదీ, పట్టుబడి కిలోల్లో. గ్రామ పంచాయతీ బోర్డు మీద, సంఘం కార్యాలయంలో ఆ కాగితం అంటించాలి. సరఫరాదారుకు చెల్లించాల్సిన బిల్లులో కొంత భాగాన్ని వదిలిన నెల తర్వాత సంఘం సమక్షంలో వల వేసి చూసేదాకా ఆపి ఉంచాలి. ఆ షరతు ఈసారి టెండర్ పత్రంలోనే రావాలి.