తివాచీతో కలిపి నాలుగు పొరలు

బొంత కుట్టడం నేర్పే పాఠం ఏది తీసినా పైముక్కల అమరికకు పది పేజీలు ఉంటాయి. పావు అంగుళం కుట్టు వదలాలని, మడతను ఏ వైపుకి ఇస్త్రీ చేయాలని, బాణం గుర్తులతో సహా బొమ్మలు. పదకొండో పేజీలో ఒకే ఒక్క వాక్యం: “మూడు పొరలూ కలిపి కచ్చా కుట్టు వేసి, మీకు నచ్చినట్టు క్విల్టింగ్ చేసుకోండి.” కచ్చా కుట్టంటే అసలు కుట్టు, అంటే క్విల్టింగ్, పడేదాకా పొరలు జరగకుండా తాత్కాలికంగా పట్టి ఉంచేది. ఆ ఒక్క వాక్యం రాసిన మహానుభావులు జన్మలో నేలమీద మోకాళ్లూని ఉండరు.

సరే, తప్పదు కాబట్టి గబగబా: అస్తరును మంచివైపు కిందికి ఉండేలా పరిచి అంచులకు టేపు వేయాలి. ముడతలు పోయేంత బిగువు చాలు. లాగి బిగిస్తే టేపు తీయగానే గుడ్డ వెనక్కి ముడుచుకుని, కుట్టిన చోటల్లా కుచ్చులు తేలతాయి. దానిమీద దూది పొర, ఆపైన ముక్కలు అతికిన పైగుడ్డ. దూదీ అస్తరూ నాలుగు పక్కలా 3, 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి.

ఇక కలపడం ఎలా? చేత్తో క్విల్టింగ్ చేసేవాళ్లకు దారమే దిక్కు. చట్రం బిగించేటప్పుడు పిన్నీసులు అడ్డొస్తాయి మరి. అయితే 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవున్న బొంతకు అడ్డంగా, నిలువుగా 4 అంగుళాలకో వరస వేస్తే దారమే దాదాపు 60 మీటర్లు పడుతుంది. అదీ లేతరంగుదే అయ్యుండాలి, ముదురు దారం రంగు దిగితే పైగుడ్డ మీద చారలు మిగులుతాయి. మిషను మీద కుట్టేవాళ్లకు ఈ పొడవు కుట్లు గుడ్డను నొక్కిపట్టే మిషను పాదానికి చిక్కుకుంటాయి కాబట్టి వాళ్లు పిన్నీసుల వైపు మొగ్గుతారు. అదే బొంతకు 4 అంగుళాలకొకటి చొప్పున 300 పిన్నీసులు. ఒక్క ప్యాకెట్టుతో కూర్చున్నవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాల్సిందే. అన్నీ గుచ్చడం పూర్తయ్యాకే మూయాలి. ఎప్పటికప్పుడు మూసుకుంటూ పోతే ఆ తోపులాటకు పొరలు జరుగుతాయి. మూసేటప్పుడు మొనను చెంచాతో ఎత్తిపడితే వేళ్లు మిగులుతాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కింద ఏముందో చూసుకోమని ఆ పదకొండో పేజీ చెప్పదు.

మోకాళ్లకు మెత్తగా ఉంటుందని తివాచీ మీద పరుస్తారు. 300 పిన్నీసులూ మూసి, నడుం పట్టుకుని లేచి, బొంత కొస అందుకుని ఎత్తుతారు. లేవదు. మూడు పొరలు కదా, బరువుంటుందిలే అనుకుంటారు. ఇంకాస్త గట్టిగా లాగితే గదికి ఆ మూలనున్న కుర్చీ కదులుతుంది. బొంతకూ కుర్చీకీ చుట్టరికం ఎక్కడిదని ఒక క్షణం నిజంగానే ఆలోచిస్తారు. మరోసారి లాగుతారు. కుర్చీ మరో జానెడు దగ్గరికొస్తుంది. దాని కాళ్లు నిలబడింది తివాచీ మీదేనని అప్పుడు వెలుగుతుంది. సరిగ్గా ఆ సమయానికే ఇంట్లోవాళ్లొకరు గుమ్మంలో ప్రత్యక్షమై “తివాచీ కూడా కుడుతున్నావా?” అని తీరుతారు. అంతకుముందు రెండు గంటలుగా, ఓ పిన్నీసు అందించమంటే పలికిన పాపాన పోనివాళ్లే.

ఇందులో మంత్రమేమీ లేదు. గట్టి నేలైతే సూదిమొన గీరుకుంటుంది. అడుగు తగిలింది, ఇక పైకి తిరుగు అని ఆ గీర చెబుతుంది. తివాచీ నోరు మెదపదు, మొనను మర్యాదగా లోపలికి రానిస్తుంది. వంపు పిన్నీసులు పుట్టింది కొంత ఇందుకే. లోతుగా దిగకుండానే మొన పైకి తేలుతుంది. తిన్నటి పిన్నీసులు మాత్రం అడుగున దొరికిన పోగునల్లా పట్టుకుంటాయి.

ఇప్పుడు 300లో దొంగలెవరు? మూసిన పిన్నీసులన్నీ పైనుంచి ఒకేలా, బుద్ధిమంతుల్లా కనిపిస్తాయి. టేపు తీసేసి, పొడవాటి చదును స్కేలును అస్తరుకూ తివాచీకీ మధ్య అంచునుంచి తోసుకుంటూ పోవాలి. ఆగినచోట ఒకటి దొరుకుతుంది. దాన్ని విప్పి మళ్లీ తోయాలి. ఒక్కటీ ఒంటరిగా దొరకదు, పక్కన రెండుంటాయి. అవి విప్పేసరికి ఆ మేర అస్తరు వదులై మడత పడుతుంది, కాబట్టి చుట్టుపక్కలవి కూడా తీసి మళ్లీ గుచ్చాలి. బల్ల మీద చేసుకుంటే పోయేదిగా అని గుమ్మంలోంచి సలహా. 60 అంగుళాల బొంత పట్టే బల్ల పాఠాల బొమ్మల్లోనే ఉంటుంది.

ఈ దశలో చాలామందికి స్ప్రే జిగురు మీద ప్రేమ పుడుతుంది. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, గుడ్డ మీద కాకుండా దూది మీద, 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి, సగం సగం చొప్పున పలచగా కొట్టాలి. ఎక్కువైతే సూదికి జిగురంటి కుట్లు తప్పుతాయి. చుట్టూ పాత దుప్పట్లు కప్పాలని డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుంది. దాన్ని అందరూ తర్వాతే చదువుతారు, మేజోళ్లు నేలకు అంటుకుని పాదాలు మాత్రం ముందుకు నడిచాక.

ఏదైతేనేం, పొరలు కలిశాయి. ముడతలేవైనా ఉన్నాయేమోనని తిరగేసి చూస్తే, అస్తరు ఒక పక్క 2 అంగుళాలు పొట్టి. పైగా దాని మంచివైపు దూదిని చూస్తోంది.