వినిపించని పాట నచ్చేదెలా?
పెద్ద నగరాల సంగీత రేడియోల్లో రోజంతా అవే పాటలు తిరగడానికి శ్రోతల అభిరుచే కారణమని ఒక వ్యాసకర్త రాశారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. శ్రోతకు ఫోనులో పాటలోని కొన్ని సెకన్ల ముక్క వినిపించి, నచ్చిందా లేదా అని అడిగి, ప్రసారం చేయాల్సిన పాటల జాబితా తయారుచేసే పద్ధతిలో, ముందే పదిసార్లు విన్న పాటకే మార్కులు పడతాయి తప్ప ఎన్నడూ వినని పాటకు అవకాశమే ఉండదు. దానికి తోడు, వేలంలో భారీ రుసుము చెల్లించి ఫ్రీక్వెన్సీ దక్కించుకున్న సంస్థలన్నీ ప్రకటనల కోసం ఒకే వయసు శ్రోతల వెంట పడుతున్నాయి. బొబ్బిలి దగ్గర మా ఊళ్లో మేము విశాఖపట్నం ఆకాశవాణి వింటూ పెరిగాం. వ్యవసాయ కార్యక్రమం కోసం రేడియో పెట్టిన మా నాన్నగారు, ఆ తరువాత వచ్చిన వయొలిన్ కచేరీని కట్టేయకుండా వింటూ వింటూ, కొన్నేళ్లకు రాగం పేరు చెప్పగలిగే స్థాయికి చేరారు. ఆ అభిరుచి ఆయనకు ముందు నుంచీ ఉన్నది కాదు, రేడియో కల్పించినది. 2024లో కేంద్రం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్ఎం ఛానళ్ల వేలానికి ఆమోదం తెలిపినప్పుడు ఆ జాబితాలో శ్రీకాకుళం, విజయనగరం కూడా ఉన్నాయి. ఒక సంస్థ తన కార్యక్రమాలను దేశంలోని తన ఛానళ్లన్నిటిలోనూ ప్రసారం చేసుకునే వీలు నిబంధనల్లోనే ఉంది కనుక, 1919లోనే సంగీత కళాశాల వెలసిన విజయనగరానికి కూడా హైదరాబాదు పాటల జాబితాయే వచ్చి చేరుతుందేమోనని నా భయం. మా ఉత్తరాంధ్ర జానపద కళలైన తప్పెటగుళ్లకు, జముకుల కథకు వారానికి ఒక గంటైనా కేటాయించాలన్న షరతు లైసెన్సులోనే ఉండాలి.